అమ్మ అంత్యక్రియల్లో జరిగిన అలక్ష్యం మనసును వదలడం లేదు

మౌలాలి నివాసి:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారు పోయిన నెల నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాలం చేశారు. ఆమె విశ్రాంత ఉపాధ్యాయిని. జబ్బు చాలాకాలంగా ఉన్నదే కాబట్టి ఆ కబురుకు మేమంతా ఎంతో కొంత సిద్ధపడే ఉన్నాం. ఆ తరువాత ఒక రాత్రి, ఒక పగలు జరిగినది మాత్రం నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

అర్ధరాత్రి ఆసుపత్రి బిల్లు కడుతున్నప్పుడు అక్కడి సిబ్బందిలో ఒకరు అంతిమయాత్ర ఏర్పాట్లు చేసే ఒక సంస్థ నంబరు ఇచ్చారు. వాహనం, ఫ్రీజర్ బాక్సు, పాడె సామగ్రి, పురోహితుడు, శ్మశానంలో కట్టెలు, మరునాటి అస్థి సంచయనం వరకు అన్నీ ఒకే మొత్తానికి తామే చూసుకుంటామని, మీరు అమ్మగారి దగ్గర కూర్చుంటే చాలని ఫోనులో ఎంతో మర్యాదగా చెప్పారు. ఇంటికి వచ్చిన ఫ్రీజర్ బాక్సు మూత తీస్తే లోపల ఒక మూలన ఎండిపోయిన బంతి రేకులు, దారప్పోగు అంటుకుని ఉన్నాయి. అంతకుముందు అందులో పడుకున్న వారెవరి దండవో అవి. మా పెద్దమ్మ కంట పడకముందే నా కండువాతో తుడిచేశాను. పొద్దున రావలసిన వాహనం ఎండ ముదిరాక వచ్చింది. వచ్చిన పురోహితుడు మంత్రాల్లో సగం ఫోనులో రికార్డు పెట్టి వినిపించాడు. అన్నింటికన్నా మరవలేనిది చితి దగ్గర జరిగింది. తమ్ముడు నీళ్లకుండ భుజాన పెట్టుకుని నిలబడి ఉండగా, చిల్లుల్లోంచి నీళ్లు కారుతూ ఉండగా, ఆ సంస్థ కుర్రాడు ఫోనులో క్యూఆర్ కోడ్ తెరిచి నా ముఖం ముందు పెట్టి, కట్టెలకు, నెయ్యికి అదనంగా అయిన సొమ్ము అప్పటికప్పుడు స్కాన్ చేస్తేనే తక్కిన పని జరుగుతుందన్నాడు. స్కాన్ చేశాను.

మరునాడు అస్థికలు తెచ్చుకున్న కుండ మీద చీటీలో మొదట ఇంకెవరి పేరో రాసి, కొట్టేసి, పక్కన అమ్మ పేరు రాసి ఉంది. ఇంటిపేరు కూడా తప్పే. అప్పటి నుంచి ఆ కుండలో ఉన్నది అమ్మేనా అన్న అనుమానం పట్టుకుంది. అస్థికలు ఇంకా నదిలో కలపలేదు. బిల్లు అడగగా అడగగా వాట్సాప్‌లో పంపారు, అందులో 18 శాతం జీఎస్టీ కూడా కలిపారు.

నాన్నగారు మోకాళ్ల నొప్పుల వల్ల శ్మశానానికి రాలేకపోయారు. అమ్మను బాగా సాగనంపారా అని తరచూ అడుగుతున్నారు. బాగా జరిగిందనే చెబుతూ వస్తున్నాను. వీధిలో వైకుంఠ రథం కనిపిస్తే చాలు, ఒళ్లంతా కోపంతో వణుకుతోంది. ఇలాంటిది ఎదుర్కొన్నవారు ఎవరైనా ఉంటే మీరు దీన్ని ఎలా దాటారో చెప్పగలరు.

వేదిక నిర్వాహకులు:

మీకు మా ప్రగాఢ సానుభూతి. చర్చలో పాల్గొనే సభ్యులందరికీ ఒక విన్నపం: ఏ సంస్థ పేరు, ఆసుపత్రి పేరు, వ్యక్తుల ఫోను నంబర్లు ఇక్కడ రాయవద్దు. ఫిర్యాదు చేయదలిస్తే దాని మార్గం వేరే ఉంది, తెలిసినవారు దాని గురించి రాయవచ్చు.

పాత చిక్కడపల్లి:

బాబూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నాకు డెబ్బై దాటాయి. మా రోజుల్లో బస్తీలో ఎవరైనా పోతే డబ్బు మాట ఆ ఇంటివాళ్ల చెవిన పడనిచ్చేవాళ్లం కాదు. ఒకరు వెదురుబొంగులకు, కొత్త గుడ్డకు వెళ్లేవారు, ఒకరు కుమ్మరి దగ్గర కుండలు తెచ్చేవారు, ఒకరు కట్టెల అడితీ వాడితో మాట్లాడేవారు. పాడె కట్టడం తెలిసినవాడు వీధికి ఒకడైనా ఉండేవాడు. లెక్కలన్నీ పెద్దకర్మ అయ్యాక, అదీ పెద్దవాళ్ల మధ్య తేలేవి. ఆ కాలంలో అంతా సవ్యంగా జరిగేదని అనను. తాగి వచ్చి చితి దగ్గర గొడవ పడినవాళ్లనూ చూశాను. కానీ తలకొరివి పెట్టేవాడి ముందు సొమ్ము అడగడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాటు వాళ్ల పేరు తెలియని రోజుల్లో ఈ పనంతా ఫోను మీద కొనుక్కోవలసి వస్తోంది, అమ్మేవాడికి అది రోజువారీ బేరమైపోయింది.

నా మాట వింటే, ఆ సంస్థను వదిలేయండి. వాళ్లతో తగువు పెట్టుకుంటే అమ్మ జ్ఞాపకంతో పాటు వాళ్ల మొహాలు కూడా ఏళ్ల తరబడి మీ ఇంట్లో ఉంటాయి.

అంబర్‌పేట అమ్మాయి:

పెద్దలు అన్న మాట పట్ల గౌరవంతోనే విభేదిస్తున్నాను. మా నాన్న పోయినప్పుడు తలకొరివి నేనే పెట్టాను. అన్నదమ్ములు లేరు. మేము పిలిపించిన సంస్థ మనిషి, ఆడపిల్ల నిప్పు పెడితే తమ పురోహితుడు చేయించడని, వేరే పురోహితుడికి వేరే రేటని శ్మశానం గేటు దగ్గర అన్నాడు. ముందు రోజు ఫోనులో ఈ సంగతి స్పష్టంగా చెప్పి, సరేననిపించుకున్న తరువాతే ఇది జరిగింది. అందరూ వదిలేయమన్నారు, వదిలేశాను. వదిలేసినందువల్ల అది నన్ను వదిలిందా అంటే లేదు. ఏడాది తరువాత ఆబ్దికం రోజున కూడా నాన్న ముఖం కన్నా ముందు ఆ గేటు దగ్గరి మాటే గుర్తుకు వచ్చింది. అప్పుడు కూర్చుని ఆ సంస్థకు ఒక ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. జవాబు రాలేదు. అయినా ఆ మాట నాలోంచి బయటకు వెళ్లి, చేరవలసిన చోటికి చేరిందన్న తృప్తి కలిగింది. మౌలాలి నివాసి గారు కోర్టుకు వెళ్లినా వెళ్లకపోయినా, జరిగినది రాతపూర్వకంగా వాళ్లకు తెలియజేయాలన్నది నా అభిప్రాయం.

రథసారథి:

నేను వైకుంఠ రథం నడుపుతాను, సొంత బండి. ముందుగా, మీకు జరిగినదానికి మా వృత్తివాడిగా సిగ్గుపడుతున్నాను. రాసే అలవాటు తక్కువ, తప్పులుంటే మన్నించండి.

మీరు అస్థికల మీద అనుమానం రాశారు కాబట్టి అది ముందు చెబుతాను. కట్టెల చితి అయితే ఒక్కో దేహానికి ఒక్కో దిమ్మె ఉంటుంది. ఒక దిమ్మె మీద కాలిన నిప్పు చల్లారి, అస్థికలు ఎత్తి, బూడిద తీసేవరకు దాని మీద ఇంకొకరిని పెట్టరు, పెట్టడానికి వీలుండదు. మరునాడు కుటుంబం వాళ్లు వచ్చి పాలు, నీళ్లు చల్లి తమ చేతులతోనే ఏరుకుంటారు. కుండకు కట్టే చీటీ ఆ తరువాతి సంగతి. అప్పటికప్పుడు నదికి వెళ్లలేనివాళ్లు కుండను శ్మశానంలోని లాకరులో పెట్టుకుంటే దాని గుర్తు కోసం కట్టేది. చాలాచోట్ల అక్కడి కుర్రాళ్లు పాత చీటీ వెనకో, కొట్టేసో మళ్లీ వాడేస్తుంటారు. అది తప్పే, నిర్లక్ష్యమే. కానీ చీటీ తప్పు కావడం వేరు, కుండ మారిపోవడం వేరు. విద్యుత్ దహనవాటికలో అయితే బూడిద సిబ్బంది తీసి ఇస్తారు కాబట్టి అక్కడ మాత్రం దగ్గరుండి చూసుకోవాలి.

అందుకని మిమ్మల్ని ఒకటే అడుగుతాను. మీ అమ్మగారిని దహనం చేసిన దిమ్మె మీది నుంచి అస్థికలు ఎవరు ఏరారు? ఏరినప్పటి నుంచి ఇంటికి తెచ్చేవరకు కుండ ఎవరి చేతిలో ఉంది?

మౌలాలి నివాసి:

రథసారథి గారూ, మీ ప్రశ్న చదివి తమ్ముడికి, మేనమామకు ఫోను చేసి అడిగాను. దిమ్మె నంబరు మామయ్య తన ఫోనులో ఫోటో తీసి పెట్టుకున్నారట. మరునాడు అదే దిమ్మె దగ్గర తమ్ముడు, మామయ్య ఇద్దరూ తమ చేతులతో ఏరారు, అక్కడే కుండలో పోసి గుడ్డ కట్టారు. చీటీ మాత్రం గేటు దగ్గరి గదిలో అంటించారు, అప్పుడు కూడా కుండ తమ్ముడి చేతిలోనే ఉందట. ఈ వివరం నేను అప్పుడే అడిగి ఉండవలసిందని ఎవరూ అనకండి, ఆ పూట మా ఇంట్లో ఎవరం ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేము. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

వైదికం:

నేను అపరకర్మలు చేయించే పురోహితుణ్ణి, మల్కాజిగిరి పరిసరాల్లో ఉంటాను. ఫోనులో మంత్రాలు పెట్టడం విని బాధ కలిగింది, ఆశ్చర్యం మాత్రం కలగలేదు. శుభకార్యాలు చేయించే పురోహితులు చాలామంది అపరం చేయించరు. అపరం చేయించేవారు నగరం మొత్తం మీద తక్కువ, రోజుకు నాలుగైదు చోట్లకు పరుగెత్తవలసి వస్తుంది. సంస్థలు ఆ కొరతను పూడ్చుకోవడానికి ఎవరు దొరికితే వారిని పంపుతున్నాయి. ఇది సమర్థన కాదు. ఎందుకు జరుగుతోందో తెలిస్తే మీ ఒక్కరికే ఇలా అయిందన్న భావన తగ్గుతుందని చెబుతున్నాను.

దహనం నాడు మంత్రలోపం జరిగితే అమ్మగారికి గతులు లేవేమోనని ఎవరైనా మిమ్మల్ని భయపెడితే నమ్మకండి. కర్మకాండ అంతా ఆ ఒక్క పూటతో ముగిసేది కాదు. పదో రోజు, పదకొండో రోజు ఏకోద్దిష్టం, పన్నెండో రోజు సపిండీకరణం, ఆ తరువాత ఏడాది పొడుగునా మాసికాలు, ఆపైన ఆబ్దికం ఉన్నాయి. లోపం జరిగితే దానికి ప్రాయశ్చిత్తం చెప్పుకునే ఏర్పాటు ప్రతి కర్మలోనూ ఉంది, ఎందుకంటే లోపం జరుగుతుందని పెద్దలకు ముందే తెలుసు. మీ ఇంటి పురోహితులతో ఈ విషయం దాచకుండా చెప్పండి, రాబోయే మాసికం నిదానంగా, అర్థం చెప్పించుకుంటూ చేయించుకోండి. అస్థి నిమజ్జనం కూడా మిగిలే ఉంది కదా. దానికి ఏ సంస్థనూ పిలవకండి. బాసరకో, కాళేశ్వరానికో, కృష్ణ, మూసీ కలిసే వాడపల్లికో మీ కుటుంబమే కుండ పట్టుకుని వెళ్లండి. నాన్నగారిని కారులో తీసుకువెళ్లగలిగితే మరీ మంచిది.

వినియోగదారుడు:

భావోద్వేగాల సంగతి మిగతావారు రాస్తున్నారు, నేను బిల్లు సంగతి రాస్తాను. 18 శాతం జీఎస్టీ కలిపారన్న మాట దగ్గర ఆగిపోయాను. కేంద్ర వస్తు సేవల పన్ను చట్టం, 2017లో మూడో షెడ్యూలు అని ఒకటి ఉంది. పన్ను లెక్కలోకే రాని లావాదేవీలు అందులో ఉంటాయి. అంత్యక్రియలు, ఖననం, దహనవాటిక, శవాగారం సేవలు, మృతదేహాన్ని తరలించడం ఆ జాబితాలో స్పష్టంగా ఉన్నాయి. అంటే ఈ సేవ మీద జీఎస్టీ ఉండదు. బిల్లులో విడిగా అమ్మిన సరుకులేమైనా ఉంటే వాటి లెక్క వేరు కావచ్చు, కానీ వాహనం, దహనం ఏర్పాట్ల మొత్తం మీద పన్ను వేయడం చెల్లదు. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి. నంబరు లేకుండా పన్ను వసూలు చేసి ఉంటే అది ఇంకా పెద్ద తప్పు.

రెండోది, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద డబ్బు తీసుకుని చేసిన సేవలో లోపం ఉంటే ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది కాబట్టి ఇప్పుడే కంగారు పడనక్కర లేదు. సంస్థ కార్యాలయం ఎక్కడున్నా, మీరు నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, ఇది 2019 చట్టంలో వచ్చిన సౌకర్యం. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. అంతకన్నా ముందు 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా తగాదాలు అక్కడి ఉత్తరంతోనే కదులుతాయి. స్కాన్ చేసిన చెల్లింపు రికార్డు, వాట్సాప్ బిల్లు, మొదట్లో వాళ్లు ఒప్పుకున్న మొత్తం తాలూకు సందేశం, చీటీ ఉన్న కుండ ఫోటో, ఇవన్నీ ఒకచోట భద్రపరచండి. కుండ మీది చీటీ నిమజ్జనానికి ముందే ఫోటో తీసుకోవడం మరచిపోకండి.

పాత చిక్కడపల్లి గారు వదిలేయమన్నారు. ఆయన మాటలోని బాధ నాకు అర్థమైంది. కానీ ఈ వ్యాపారం సాగేదే దుఃఖంలో ఉన్నవాడు బేరమాడడు, తరువాత అడగడు అన్న ధీమా మీద. ఒకరిద్దరు అడిగితే రేపు ఇంకొకరి ముఖం ముందు ఆ క్యూఆర్ కోడ్ పెట్టడానికి వెనకాడతారు.

అద్దె ఇల్లు:

మౌలాలి నివాసి గారూ, మీకు కనీసం అమ్మగారిని ఇంటికి తెచ్చుకునే అవకాశం దక్కింది. మేము అద్దెకుండే ఇంటి యజమాని, శవాన్ని ఇంట్లోకి తేవడానికి వీల్లేదని, తెస్తే తమకు ఏడాది పాటు ఇల్లు అచ్చిరాదని ఖండితంగా చెప్పారు. నాన్నను ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకువెళ్లాం. స్నానం, వస్త్రం అన్నీ అక్కడే, పరాయివాళ్ల మధ్య. ఇందులో ఏ సంస్థ తప్పూ లేదు, ఫిర్యాదు చేయడానికి ఏ కమిషనూ లేదు. నేను చేసిందల్లా ఆ ఇల్లు ఖాళీ చేయడమే. కొత్త ఇంటికి మారేటప్పుడు యజమానిని మొదట అడిగిన ప్రశ్న ఇదే. ఆయన కాస్త ఉలిక్కిపడినా, మనిషి పుట్టే ఇంట్లో మనిషి పోవడమూ ఉంటుంది కదమ్మా అన్నారు. అద్దె కొంచెం ఎక్కువే అయినా అక్కడే చేరాం.

నారాయణగూడ:

మేము క్రైస్తవులం. మా నాన్నగారి భూస్థాపనకు పెట్టె, వాహనం ఏర్పాటు చేసినవారు పెట్టె కొలత సరిగ్గా తీసుకోలేదు. నాన్నగారు పొడగరి. ఆరాధనకు అందరూ కూర్చున్నాక ఇంకొక పెట్టె వచ్చేవరకు పాస్టరుగారు పాటలతో సంఘాన్ని నిలిపి ఉంచారు. శిలువ మీద మరణ తేదీ కూడా తప్పు పడింది. అమ్మ అది చూసి ఏమీ అనలేదు, అదే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

మాకు సాయపడినవి రెండు. ఒకటి, తరువాత పెట్టుకున్న ఆదరణ కూడికలో ఆ రోజు జరిగిన లోపాల గురించి ఎవరూ మాట్లాడకుండా, నాన్నగారితో పనిచేసినవారు ఒక్కొక్కరు లేచి ఆయన గురించి చెప్పారు. ఆయన రైల్వేలో ఉన్నప్పుడు ఎవరికి ఏ సాయం చేశారో మాకు అప్పుడే తెలిసింది. రెండోది, నవంబరు 2న సమాధుల పండుగకు ముందే కొత్త రాయి చెక్కించి, పేరు, తేదీలు నేనే దగ్గరుండి అక్షరం అక్షరం సరిచూసుకున్నాను. తప్పు తేదీ ఉన్న శిలువను ఆ పెట్టె అమ్మినవారికే తిరిగి ఇచ్చేశాం. వాళ్లు తీసుకోవడానికి మొహమాటపడ్డారు, అయినా ఇచ్చే వచ్చాం.

తార్నాక సలహాదారు:

నేను మానసిక సలహాదారుగా పనిచేస్తున్నాను. ఇక్కడ వచ్చిన సలహాలన్నీ బాగున్నాయి, ఒక విషయం మాత్రం ఎవరూ అడగలేదు: నాన్నగారికి ఏం చెప్పాలన్నది.

ముందు కోపం గురించి రెండు మాటలు. ఆప్తులు పోయినప్పుడు వచ్చే దుఃఖానికి ఎదురుగా నిందించడానికి ఎవరూ ఉండరు. అలక్ష్యం జరిగినప్పుడు మాత్రం ఒక సంస్థ, ఒక కుర్రాడు, ఒక క్యూఆర్ కోడ్ కళ్ల ముందు ఉంటాయి. దుఃఖం మొత్తం ఆ కోపం వెంట పడి ప్రవహిస్తుంది. కోపం న్యాయమైనదే, దాన్ని అణచుకోనక్కర లేదు. కానీ దానికి ఒక సమయం, ఒక కాగితం కేటాయించండి. జరిగినది మొదటి ఫోను కాల్ నుంచి వరుసగా, సమయాలతో, విశేషణాలు లేకుండా రాయండి. ఫిర్యాదుకు ఎలాగూ అది కావాలి. దాన్ని తమ్ముడికో, మామయ్యకో చూపించి, వాళ్లకు గుర్తున్నది చేర్చమనండి. ఇందాక దిమ్మె నంబరు సంగతి చూశారు కదా, మీ ఒక్కరి దగ్గర ఉన్న కథలో లేనిది మామయ్య ఫోనులో ఉంది. ఆ రోజు మీరు చూడని మంచి కూడా మిగతావారి దగ్గర కొంత ఉండి ఉంటుంది.

ఇక నాన్నగారు. ఆయన పదే పదే అడుగుతున్నారంటే, మీరు చెప్పే జవాబు ఆయన అడుగుతున్న ప్రశ్నకు కాకపోవచ్చు. బాగా జరిగింది అనే ముందు, మీరేం తెలుసుకోవాలనుకుంటున్నారు నాన్నా అని ఒకసారి అడిగి చూడండి. దాచడమా, చెప్పడమా అన్నది ఆ తరువాత ఆలోచించవచ్చు. నిద్ర పట్టకపోవడం, వణుకు ఇలాగే కొనసాగితే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర లేదు.

అంబర్‌పేట అమ్మాయి:

నాన్నగారి విషయంలో ఒక మాట. మా అమ్మకు గేటు దగ్గర జరిగినది నేను చెప్పలేదు. పెద్దకర్మ భోజనాల దగ్గర దూరపు బంధువు ఒకాయన అందరి ముందు చెప్పేశాడు. అవమానం కన్నా, తనకు చివరగా తెలిసిందన్నదే అమ్మను ఎక్కువ బాధపెట్టింది. శ్మశానానికి వచ్చినవాళ్లు ఇంతమంది ఉండగా ఇది దాగే విషయం కాదు. చెప్పేదేదో మీరే చెప్పండి.

పాత చిక్కడపల్లి:

వినియోగదారుడు గారి పన్ను వివరం చదివాక నేను కొంత మెత్తబడ్డాను. పన్నే లేని దాని మీద పన్ను తీసుకోవడం అంటే అది అలక్ష్యం కూడా కాదు, వేరే మాట ఉంది దానికి. అది మాత్రం వసూలు చేయండి బాబూ.

రథసారథి:

ఇక ముందు ఎవరికైనా అవసరం పడితే పనికొస్తుందని నాలుగు మాటలు. ఆసుపత్రి లోపల ఎవరైనా నంబరు ఇస్తే దాని వెనక కమిషన్ ఉండే అవకాశం ఎక్కువ, ఆ కమిషన్ మీ బిల్లులోంచే వస్తుంది. మొత్తం ఎంతో, అందులో కట్టెలు, నెయ్యి కలిసి ఉన్నాయో లేదో, ఫ్రీజర్ బాక్సుకు కరెంటు పోతే జనరేటరు ఎవరు తెస్తారో ఫోనులో చెప్పించుకుని, అదే వాట్సాప్‌లో రాయించుకోండి. సొమ్ము ఇచ్చే పనికి ఇంటివాళ్లు కాని ఒక స్నేహితుణ్ణో, బావమరిదినో ముందే నిలబెట్టి, డబ్బు ఏదైనా ఆయన్నే అడగమని సంస్థకు చెప్పండి. కొడుకు దగ్గరికి ఫోను పట్టుకుని ఎవరూ రారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అయితే ఉచిత పార్థివ వాహనం ఉంటుంది, అక్కడి మార్చురీ దగ్గర అడగండి. మరణ ధ్రువపత్రం తెచ్చిపెడతామని ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి.

మౌలాలి నివాసి:

కొంత ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. సలహాదారు గారు చెప్పినట్టే నాన్నగారిని అడిగాను. ఆయన అడుగుతున్నది వాహనం గురించీ, పురోహితుడి గురించీ కాదు. అమ్మ పోచంపల్లి చీర ఒకటి, ఆకుపచ్చ అంచుది, తన ఉద్యోగ విరమణ నాడు కట్టుకున్నది, చివరికి అదే కట్టమని ఆయనకు ఎప్పుడో చెప్పి ఉంచిందట. ఆ హడావిడిలో ఆ మాట మాకు చెప్పలేకపోయారు. కట్టారో లేదో అడగడానికి ధైర్యం చాలక, బాగా జరిగిందా అని తిప్పి తిప్పి అడుగుతున్నారు. పెద్దమ్మకు ఫోను కలిపి ఇచ్చాను. అమ్మకు స్నానం చేయించి చీర కట్టింది ఆవిడే. బీరువాలో పై అరలో విడిగా మడిచి పెట్టి ఉన్నందువల్ల ఆ చీరే తీసి కట్టానని ఆవిడ చెప్పింది. నాన్నగారు ఆ సాయంత్రం ఇంకేమీ అడగలేదు. చితి దగ్గర డబ్బు అడిగిన సంగతి మరునాడు నేనే చెప్పాను. మీ తమ్ముడి భుజం ఎంతసేపు నొప్పి పెట్టిందో పాపం అన్నారు, అంతే.

1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదైంది. ఆ వెంటనే సంస్థ ఒక్క ముక్క కూడా రాయకుండా జీఎస్టీ మొత్తాన్ని ఖాతాలో వేసింది. అదనంగా తీసుకున్న సొమ్ముకు, జరిగిన తీరుకు జవాబు ఇంకా రాలేదు. జిల్లా కమిషన్‌కు వెళ్లాలా అన్నది తమ్ముడితో కలిసి నిర్ణయించుకుంటాను. వాడపల్లికి ఈ ఆదివారం నాన్నగారితో సహా వెళుతున్నాం.

ఇంకొక్క సందేహం మిగిలింది. మీ సేవలో తీసుకున్న మరణ ధ్రువపత్రంలో కూడా అమ్మ ఇంటిపేరు తప్పుగానే ఉంది. నాన్నగారి ఫ్యామిలీ పెన్షనుకు అది అడ్డం వస్తుందేమోనని భయంగా ఉంది. ఇది కూడా ఆ సంస్థ పనేనా?

వినియోగదారుడు:

అది వాళ్ల పని కాకపోవచ్చు. ఆసుపత్రిలో మరణం జరిగితే రిజిస్ట్రారుకు తెలియజేయవలసిన బాధ్యత ఆసుపత్రిదే, అదీ 21 రోజుల లోపు. వాళ్లు రాసేది చేరినప్పటి కేస్‌షీటులో ఉన్న పేరే. కాబట్టి ముందు డిశ్చార్జి కాగితాల్లో ఇంటిపేరు ఎలా ఉందో చూడండి. అక్కడ తప్పుంటే ఆసుపత్రి రికార్డుల విభాగం నుంచి సరిదిద్దిన లేఖ తీసుకోండి. జనన మరణాల నమోదు చట్టం, 1969లోని 15వ సెక్షను కింద తప్పును సరిదిద్దే అధికారం రిజిస్ట్రారుకు ఉంది. పాత నమోదును చెరపరు, పక్కన మార్జినులో సవరణ రాసి సంతకం చేస్తారు. అమ్మగారి ఆధార్, సర్వీసు పుస్తకంలో పేరు ఉన్న పేజీ, పెన్షను పత్రం నకళ్లు పెట్టి మీ సర్కిల్ మున్సిపల్ కార్యాలయంలోని జనన మరణాల విభాగంలో దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోండి. పెన్షను కార్యాలయంలో కాగితాలు ఇప్పుడే ఇచ్చేయకుండా సవరించిన పత్రం చేతికి వచ్చాక ఇవ్వండి, లేకపోతే రెండు పేర్లకు అఫిడవిట్ అడుగుతారు.

రథసారథి:

ఆదివారం వాడపల్లికి పొద్దున్నే బయలుదేరండి. మధ్యాహ్నం దాటితే ఎండకు ఘాటు మెట్లు కాలిపోతాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన దిగలేరు. ఒక ప్లాస్టిక్ కుర్చీ కారులో వేసుకుని వెళితే ఆయనను నీళ్ల దగ్గరే కూర్చోబెట్టవచ్చు.